మోగుతున్న గది

*ఓటీటీలు వచ్చాక ఇంటింటా ఒక చిన్న సినిమా హాలు వెలుస్తోంది. తెర పెద్దదవుతోంది, స్పీకర్ల సంఖ్య పెరుగుతోంది, మాట మాత్రం సరిగా వినిపించడం లేదు. ఆ లోపం పెట్టెల్లో కన్నా నాలుగు గోడల్లోనే ఎక్కువగా ఉంది.*

రాత్రి తొమ్మిది దాటిన వేళ, 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల పడకగది: మంచం తీసి సోఫా వేశారు, ఎదుటి గోడకు 65 అంగుళాల తెర, దాని కింద టీవీ యూనిట్ గూట్లో సెంటర్ స్పీకర్, మూలన సబ్‌వూఫర్, కాళ్ల కింద అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్, తల మీద అయిదో నంబరులో తిరిగే ఫ్యాను. తెర మీద కథానాయకుడు తండ్రితో మెల్లగా ఏదో అంటాడు, అది అందక ఇంటాయన రిమోట్ నొక్కి ధ్వని పెంచుతాడు. మరుక్షణమే జీపులు గాల్లోకి లేస్తాయి, పక్క గదిలో చంటిపిల్ల ఉలిక్కిపడి ఏడుస్తుంది, ధ్వని మళ్లీ తగ్గుతుంది. సినిమా పూర్తయ్యేలోగా ఈ పెంచడం, తగ్గించడం పాతికసార్లు జరిగినా, సోఫా చివరన కూర్చున్న నాయనమ్మ మాత్రం "ఏమన్నాడ్రా వాడు?" అని అడుగుతూనే ఉంటుంది. చిన్న గదిలో హోం థియేటర్ అమర్చుకున్న ఇళ్లలో చాలా వాటికి ఈ దృశ్యం కొత్తది కాదు.

హాలు ఇంట్లోకి వచ్చిన దారి

సినిమా ధ్వనిని వందలాది మంది కూర్చునే విశాలమైన హాలును దృష్టిలో పెట్టుకొని కూరుస్తారు. అక్కడ గుసగుసకూ విస్ఫోటానికీ మధ్య అంతరం ఎంత ఎక్కువైతే అనుభవం అంత గొప్పగా ఉంటుంది. శబ్ద తీవ్రతను కొలిచే డెసిబెల్ లెక్కలో చెప్పాలంటే, కూర్పు గదుల్లో ఒక్కో స్పీకరును 85 డెసిబెల్స్ ప్రమాణానికి సరిచేసి, దానిపైన మరో 20 డెసిబెల్స్ దాకా ఎగసే శిఖరాలకు చోటు విడిచిపెడతారు. 1983లో లూకాస్‌ఫిల్మ్ సంస్థలో టామ్లిన్‌సన్ హోల్మన్ రూపొందించిన టీహెచ్ఎక్స్ ప్రమాణం హాళ్ల నాణ్యతకు ఒక కొలమానాన్ని ఇచ్చింది. 2012లో 'బ్రేవ్' అనే యానిమేషన్ చిత్రంతో వచ్చిన డాల్బీ అట్మాస్, శబ్దాన్ని ప్రేక్షకుడి తల మీదుగా కూడా నడిపించింది. ఆ కూర్పే కొన్ని వారాల తేడాతో పడకగదికి చేరుతోంది. హాలు కోసం పుట్టిన ధ్వని హాలులో పదోవంతు కూడా లేని గదిలో మోగినప్పుడు ఏం జరుగుతుందన్నది మాత్రం కొనేటప్పుడు ఎవరూ చెప్పడం లేదు. ఎన్ని వాట్లు, ఎన్ని చానెళ్లు అన్న లెక్కతోనే బేరం ముగిసిపోతోంది.

పాత తరం హాళ్ల సంగతి గుర్తున్నవారికి ఇందులో ఒక విచిత్రం కనిపిస్తుంది. ఊరి చివర డేరా వేసి నడిపిన టూరింగ్ టాకీసులో యంత్రం నాసిరకమే, అయినా గుడారం గుడ్డ, నేల మీద ఇసుక, కిక్కిరిసిన జనం కలిసి శబ్దాన్ని ఎప్పటికప్పుడు పీల్చేయడం వల్ల మాట మీద మాట పడేది కాదు. మండువా లోగిలి ఉన్న పాత ఇళ్లలోనూ శబ్దం నడిమింటి నుంచి ఆకాశంలోకి పోయేది. నునుపైన టైల్స్, పుట్టీ పెట్టి అద్దంలా తీర్చిన గోడలు, మూసిన అల్యూమినియం కిటికీలు గల నేటి గదికి ఆ సౌకర్యం లేదు.

మాట ఎందుకు మునుగుతుంది?

ఖాళీ గదిలో ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే, ఆ చప్పుడు వెంట 'ట్రింగ్'మని ఒక లోహపు వణుకు వినిపిస్తుంది. ఎదురెదురుగా నిలిచిన రెండు గోడల మధ్య శబ్దం బంతిలా అటూ ఇటూ ఎగరడం వల్ల పుట్టే ప్రతిధ్వనుల వరుస అది. ఇలా అన్ని ఉపరితలాల నుంచి తిరిగి వచ్చే శబ్దాలన్నీ కలిసి, మూలశబ్దం ఆగిన తరువాత కూడా గదిలో కొంతసేపు నిలిచి ఉండటాన్ని ప్రతినాదం అంటారు. శబ్దం 60 డెసిబెల్స్ మేర తగ్గడానికి పట్టే సమయం ప్రతినాద కాలం.

పైన చెప్పిన గదికి ఈ లెక్క వేసి చూడవచ్చు. ఎత్తు కూడా 10 అడుగులే అనుకుంటే ఘనపరిమాణం 1,200 ఘనపుటడుగులు, గోడలు, నేల, పైకప్పు కలిపి ఉపరితలం 680 చదరపుటడుగులు. సున్నం, సిమెంటు, టైల్స్ తమ మీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లకు మించి పీల్చుకోవు కాబట్టి, సామాను లేని ఆ గదిలో ప్రతినాద కాలం మూడు సెకన్లకు దగ్గరగా తేలుతుంది. సినిమా మాటలు స్పష్టంగా వినడానికి ఈ పరిమాణం గల గదిలో అది 0.2 నుంచి 0.4 సెకన్ల మధ్య ఉండాలన్నది సాధారణంగా పాటించే హద్దు. సోఫా, కిటికీ తెరలు, మనుషులు చేరాక మూడు సెకన్లు తగ్గే మాట నిజమే, కానీ కావలసిన హద్దుకు దిగడం లేదు.

మాటలో బలమంతా అచ్చులదే, అర్థమంతా దాదాపు హల్లులదే. 'ఆ', 'ఓ' వంటి అచ్చులు దీర్ఘంగా, బలంగా పలుకుతాయి. క, త, ప, స వంటి హల్లులు క్షణమాత్రం మెరిసి పోతాయి, వాటి శక్తి కూడా తక్కువ. ముందు పలికిన అచ్చు గదిలో ఇంకా మోగుతుండగానే తరువాతి హల్లు వస్తే, ఆ మోతలో అది మునిగిపోతుంది. మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష తెలుగు. దాదాపు ప్రతి మాట చివరా ఒక అచ్చు తోక ఉండి, అది మరుసటి మాట మొదటి హల్లు మీద పడే భాషకు మోగే గది కన్నా శత్రువు లేదు. వయసు పెరిగేకొద్దీ చెవి ముందుగా కోల్పోయేది హల్లులను గుర్తించే హెచ్చు పౌనఃపున్యాలనే, అంటే సెకనుకు వేల సంఖ్యలో కంపించే సన్నని శబ్దాలనే. నాయనమ్మ ప్రశ్నకు కారణం ఆమె చెవి ఒక్కటే కాదు, గది ఆమెకు మిగిలిన కాస్త హల్లునూ మింగేస్తోంది. దానికి తోడు ఫ్యాను గాలి రొద సరిగ్గా ఆ సన్నని శబ్దాల మీదే కప్పులా పడుతుంది. సినిమా చూసే రెండున్నర గంటలు ఫ్యానును రెండో నంబరుకు దించడం అన్నిటికన్నా చవకైన చికిత్స.

> దిండ్లు మోసిన ఆచార్యుడు
> 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ కళాప్రదర్శనశాల ఉపన్యాస మందిరం మాట వినపడక నిరుపయోగంగా మారగా, దాన్ని బాగుచేసే పని వాలెస్ సెబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడి మీద పడింది. అక్కడ శబ్దం అయిదున్నర సెకన్ల పాటు నిలిచేది. పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల దిండ్లను రాత్రివేళ మోసుకొచ్చి, వాటిని కొద్దికొద్దిగా పరుస్తూ, ఆర్గాన్ గొట్టం ఊది, గడియారం పట్టుకొని శబ్దం ఎంతసేపటికి అణగుతుందో చెవితోనే కొలిచాడు. ఆ శ్రమ నుంచే ప్రతినాద కాలాన్ని లెక్కగట్టే సూత్రం పుట్టింది. ఆ సూత్రం అండతో కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900 అక్టోబరులో ప్రారంభమైంది. తెరిచిన కిటికీ తన మీద పడిన శబ్దాన్ని ఒక్క పాలు కూడా వెనక్కి ఇవ్వదు కాబట్టి, ఒక చదరపుటడుగు తెరిచిన కిటికీ ఎంత పీలుస్తుందో అంతటి శోషణను నేటికీ ఒక 'సెబిన్' అంటారు.

పది అడుగుల చిక్కు

మాట సంగతి ఇది కాగా, మంద్ర శబ్దం, అంటే వాడుకలో అందరూ 'బేస్' అనేది, వేరే రకంగా బాధిస్తుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 1,125 అడుగులు ప్రయాణిస్తుంది. సెకనుకు 47 సార్లు కంపించే శబ్దపు అల పొడవు 24 అడుగులు, అందులో సగం సరిగ్గా 12 అడుగులు. రెండు కొసలు బిగించిన తంబుర తీగ తన పొడవుకు తగిన శ్రుతిలోనే మోగినట్టు, 12 అడుగుల దూరంలో నిలిచిన రెండు గోడల మధ్య గాలి 47 హెర్ట్జ్ దగ్గర తనంతట తాను మోగుతుంది. దీన్ని గది అనునాదం అంటారు. 10 అడుగుల వెడల్పుకు ఆ శ్రుతి 56 హెర్ట్జ్. మన ఇళ్లలో స్లాబు ఎత్తు కూడా సాధారణంగా పది అడుగుల చుట్టూనే ఉండటం వల్ల, వెడల్పుకూ ఎత్తుకూ ఒకే శ్రుతి కుదిరి, 56 హెర్ట్జ్ రెండింతల బలంతో విజృంభిస్తుంది. డప్పు మీద పడిన దెబ్బ, మందుపాతర పేలుడు, కారు ఇంజను అన్నీ ఒకే 'బూమ్'లా వినిపించడానికి మూలం ఈ పది అడుగుల చిక్కులోనే ఉంది.

అనునాదంలో ఒత్తిడి గోడల దగ్గర, మూలల్లో అత్యధికంగా, గది సరిగ్గా మధ్యలో అత్యల్పంగా ఉంటుంది. అందుకే గది నడుమ సోఫాలో కూర్చున్న ఇంటాయనకు "బేసే లేదు" అనిపిస్తుంది, అదే సమయంలో తలుపు దగ్గర నిలబడిన ఇల్లాలికి గుండె అదురుతుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆయన సబ్‌వూఫర్ బిరడా మరికాస్త తిప్పుతాడు, ఆమె తలుపు మూసుకుంటుంది.

ఇక్కడ విదేశీ సలహాలను యథాతథంగా పాటించడంలో ఒక చిక్కుంది. అమెరికాలో ఇళ్లకు ఎక్కువగా కర్ర చట్రం మీద జిప్సం పలకలు బిగించిన గోడలు ఉంటాయి. ఆ పలకలు మంద్ర శబ్దానికి తామూ కొద్దిగా ఊగి, ఆ శక్తిలో కొంత తమలోనే కరిగించుకుంటాయి, కింద తివాచీ మిగతా పని చేస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు అలా ఊగవు, వచ్చిన బేసును వచ్చినట్టే తిప్పికొడతాయి. న్యూజెర్సీలోని బంధువు ఇంటి బేస్‌మెంటులో బిగువుగా, హాయిగా వినిపించిన స్పీకర్ సెట్టునే ఏరికోరి తెచ్చుకున్నా, విజయవాడలో అది బరువుగా, బురదగా మోగడం వింత కాదు.

ముందు జరపడం, తరువాతే కొనడం

సుమారు 200 హెర్ట్జ్‌కు దిగువన ఇలాంటి గదిలో చెవి వినేది స్పీకరు కన్నా గదినే కాబట్టి, పైసా ఖర్చు లేకుండా సాధించగలిగిన మెరుగంతా కుర్చీ, పెట్టెల స్థానాల్లో ఉంది. సోఫాను వెనుక గోడకు ఆనించడం మన అలవాటు. స్థలం కలిసొస్తుందని చేసే ఈ పని వినేవారి తలను బేసు అత్యధికంగా పోగుపడే చోట పెడుతుంది. 12 అడుగుల గదిలో తల వెనుక గోడకు నాలుగు, నాలుగున్నర అడుగుల దూరంలో ఉంటే రెండు విపరీతాలూ తప్పుతాయి. సోఫా వెనుక మిగిలిన చోటు వృథా అనిపిస్తే, అక్కడ పుస్తకాల అల్మారా పెట్టవచ్చు. ఎగుడుదిగుడుగా పేర్చిన పుస్తకాలు శబ్దాన్ని ఒకే దిక్కుకు కాక పలు దిక్కులకు చెదరగొడతాయి.

సబ్‌వూఫరుకు చోటు వెతికే పద్ధతి చూసేవారికి నవ్వు తెప్పిస్తుంది గాని, దానికి మించిన పరీక్ష లేదు. సబ్‌వూఫరును ఎత్తి సోఫాలో, తల ఉండే చోట కూర్చోబెట్టి, బేసు గీతం ఎక్కీదిగీ నడిచే పాట ఒకటి పెట్టి, ఇంటి మనిషి ఒకరు గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ చెవిని నేలకు దగ్గరగా ఉంచి వినాలి. ఒక మూలన ఒకే స్వరం ఉబ్బి మిగతావి అణగుతాయి, రెండడుగులు జరిగితే పాట సన్నబడుతుంది, ఇంకొక చోట ప్రతి స్వరమూ సమానంగా వినిపిస్తుంది. ఆ చివరి చోటే పెట్టెకు తగిన స్థానం, ఎందుకంటే పెట్టె, చెవి స్థానాలు మార్చుకున్నా శబ్దపు దారి మారదు. ఒక పెద్ద పెట్టె కన్నా ఎదురెదురు గోడల మధ్యభాగాల్లో ఉంచిన రెండు చిన్న పెట్టెలు గది అంతటా బేసును సమంగా పరుస్తాయని హార్మన్ సంస్థలో టాడ్ వెల్టీ 2002లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. కొనాలన్న కోరిక ఆగకపోతే, అది కొనదగిన వస్తువు.

సినిమాలో సంభాషణల్లో అత్యధిక భాగం సెంటర్ స్పీకరు నుంచే వస్తుంది. దాన్ని టీవీ యూనిట్ గూట్లోకి లోపలికంటా తోస్తే గూడు డబ్బాలా మోగి మాట ముక్కుతో పలికినట్టవుతుంది. స్పీకరు ముఖం గూటి అంచుకు వచ్చేలా ముందుకు లాగి, కింద చిన్న రబ్బరు బిళ్లలు పెట్టి ముఖాన్ని చెవి ఎత్తుకు వంచితే, ఆ క్షణమే తేడా తెలుస్తుంది. కుడి, ఎడమ స్పీకర్లు వినేవారి నుంచి ముప్ఫై డిగ్రీల కోణంలో, పక్క స్పీకర్లు నూరు నుంచి నూటఇరవై డిగ్రీల కోణంలో ఉండాలన్నది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు. ఇవన్నీ కుదిరాక స్పీకర్లను నడిపే రిసీవరుతో వచ్చే మైకును తల ఉండే చోట పెట్టి, ఆడిసీ, డిరాక్ వంటి దిద్దుబాటు ప్రక్రియను నడపాలి. అది ఉబ్బిన స్వరాన్ని అణచగలదు గాని, గదిలో పూర్తిగా మాయమైన స్వరాన్ని తెచ్చిపెట్టలేదు.

అద్దం, రాక్‌వూల్, చేనేత గుడ్డ

గోడలకు చేసే చికిత్సలో మొదటి అడుగు ఒక ముఖం చూసుకునే అద్దంతో పడుతుంది. ఒకరు సోఫాలో కూర్చుంటే, మరొకరు పక్క గోడకు అద్దాన్ని ఆనించి మెల్లగా జరుపుతూ పోవాలి. కూర్చున్నవారికి అద్దంలో ముందు స్పీకరు కనిపించిన చోటే, స్పీకరు శబ్దం గోడకు తగిలి చెవికి చేరే మొదటి తిరుగు చోటు. అక్కడి నుంచి వచ్చే శబ్దం నేరుగా వచ్చిన శబ్దం కన్నా సెకనులో వెయ్యోవంతులు మూడు నాలుగు మాత్రమే ఆలస్యంగా చేరుతుంది కనుక, చెవి దాన్ని వేరే ధ్వనిగా గుర్తించదు, మాట రంగు మారినట్టు మాత్రమే అనుభవిస్తుంది. పెన్సిలుతో గుర్తు పెట్టుకొని ఆ చోట్లలో శోషక పలకలు బిగించాలి.

పలక తయారీకి పెద్ద విద్య అక్కరలేదు. హార్డ్‌వేర్, ఇన్సులేషన్ దుకాణాల్లో దొరికే, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత గల రెండంగుళాల రాక్‌వూల్ స్లాబును నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల కర్ర చట్రంలో అమర్చి, పైన గుడ్డ చుట్టి, గోడకు రెండంగుళాల ఎడంగా తగిలిస్తే, ఆ ఎడం వల్ల పలక తన మందానికి మించి పనిచేస్తుంది. రాక్‌వూల్ నూగు చర్మానికి దురద పెడుతుంది, ఊపిరిలోకి పోకూడదు, కాబట్టి చేతి తొడుగులు, మూతికి మాస్కు తప్పనిసరి. గుడ్డను ఎంచుకునే పరీక్ష సులువు: నోటికి ఆనించి ఊదితే గాలి ఇట్టే అవతలికి పోవాలి. మంగళగిరి, పోచంపల్లి చేనేత నూలు గుడ్డ ఈ పరీక్షలో నెగ్గుతుంది, రెక్సిన్ ఓడిపోతుంది. గోడ అలంకారానికి నెగ్గేది ఏదన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఆ గదిని 0.3 సెకన్లకు దించాలంటే సెబైన్ సూత్రం ప్రకారం సుమారు 196 సెబిన్ల శోషణ కావాలి. మడతలు పడేలా వేలాడదీసిన మందపాటి తెరలు, సోఫా, దానిపై ముగ్గురు మనుషులు, కింద తివాచీ కలిపి అందులో దాదాపు సగం తెస్తాయి; మిగిలిన సగానికి పది, పన్నెండు పలకలు సరిపోతాయి. జంపఖానా కన్నా మందపాటి గొంగడి మెరుగు. బట్టలు, బొంతలు కుక్కిన బీరువా ఆ గదిలోనే ఉంటే సినిమా వేళ దాని తలుపులు బార్లా తీసి ఉంచినా కొంత ఫలితం ఉంటుంది. బేసుకు మాత్రం రెండంగుళాలు చాలవు; మూలల్లో నేల నుంచి పైదాకా అయిదారంగుళాల మందంతో రాక్‌వూల్ నింపితేనే కొంత లొంగుతుంది. అయితే అన్ని గోడలనూ పలకలతో కప్పేయడం మరో తప్పు, అప్పుడు సన్నని శబ్దాలన్నీ చచ్చి, లొంగని బేసు ఒక్కటే మిగిలి, గది దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టు ఉంటుంది.

> గుడ్ల అట్టలు, నురుగు పలకలు
> గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే ధ్వని మెరుగవుతుందన్న నమ్మకం ఇంకా పోలేదు. పల్చటి ఆ అట్ట సన్నని శబ్దాల్లో కొద్ది భాగాన్ని మార్చగలదేమో గాని బేసును తాకను కూడా తాకదు, పక్కింటికి పోయే శబ్దాన్ని ఆపదు, నిప్పు అంటుకుంటే మాత్రం ఆగదు. సాధారణ పాలీయురెథేన్ నురుగు దానికన్నా ప్రమాదం. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 'ది స్టేషన్' అనే నైట్‌క్లబ్బులో, శబ్దం కోసం గోడలకు అంటించిన నురుగుకు బాణసంచా నిప్పురవ్వ తగిలి, నిమిషాల వ్యవధిలో వ్యాపించిన మంటలు, విషపు పొగ 100 మందిని బలిగొన్నాయి. రాక్‌వూల్ మండదు. దాని పైన చుట్టిన గుడ్డ, చట్రం కర్ర మండుతాయి కాబట్టి స్విచ్ బోర్డులకు, దీపం పెట్టే చోటుకు పలకలు దూరంగా ఉండాలి.

పక్కింటి గోడ

గదిలో ధ్వని బాగుచేయడం, ధ్వని గది దాటకుండా ఆపడం రెండు వేర్వేరు పనులు. మెత్తని రాక్‌వూల్ మొదటి పని చేస్తుంది. రెండో దానికి బరువు, బిగువు కావాలి. గోడ బరువు రెట్టింపైతే అవతలికి పోయే శబ్దం సిద్ధాంతరీత్యా ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, కానీ తలుపు కింద వేలెడు సందు ఉంటే ఆ గోడ ఘనత అంతా ఆ సందులోంచే పోతుంది. తలుపు చుట్టూ రబ్బరు బీడింగు, కింద బ్రష్షు పట్టీ వేయడం మొదటి మెట్టు. అపార్ట్‌మెంట్లలో బేసు స్లాబు ద్వారా కింది ఇంటికి చేరుతుంది కాబట్టి, సబ్‌వూఫరు కింద మందపాటి రబ్బరు మెత్తలు వేసి నేల నుంచి విడదీయడం పొరుగువారి పట్ల కనీస మర్యాద. మర్యాద సరిపోని చోట చట్టం ఉంది: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ హద్దు.

రాత్రివేళ ధ్వని తగ్గించి వినేవారికి బేసు, అతి సన్నని శబ్దాలు ముందుగా మాయమవుతాయి; తక్కువ ధ్వనిలో చెవి మంద్ర శబ్దాలను సరిగా పట్టుకోలేదని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. అటువంటప్పుడు రిసీవరులో 'నైట్ మోడ్' వేస్తే గుసగుసకూ విస్ఫోటానికీ మధ్య అంతరం కుదించుకుపోతుంది. శుద్ధవాదులు దాన్ని తక్కువచేసి చూస్తారు గాని, చంటిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో దానికన్నా ఉపయోగపడే మీట ఆ రిమోట్ మీద మరొకటి లేదు.

ఇల్లు ఇంకా పునాదిలోనే ఉన్నవారికి మాత్రం ఒక విన్నపం. ఆయం కుదరడం కోసం అంగుళాలు లెక్కపెట్టి గోడలు జరిపించే మేస్త్రికే, ఆ ఒక్క గదిని 10 అడుగుల ఎత్తుకు 14 అడుగుల పొడవు, పదకొండున్నర అడుగుల వెడల్పుతో కట్టమని చెప్పాలి. అప్పుడు మూడు కొలతల శ్రుతులు 40, 49, 56 హెర్ట్జ్ దగ్గర దేనికది విడిగా ఉంటాయి. ప్లాస్టరింగ్ పూర్తయ్యాక ఆ గోడలను జరపడం ఎవరి వల్లా కాదు.